తెరగారి పితృశోకం

దోన్హా దేశపు రాజుగారు పోయేనాటికి యువరాజుకు పాలపళ్ళు కూడా పూర్తిగా రాలేదు. సింహాసనం మీద కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయేవాడు. ఒరగకుండా అటొక దిండు, ఇటొక దిండు పెట్టి పట్టాభిషేకం కానిచ్చారు.

తరవాత రాజ్యం ఎవరు నడపాలన్న ప్రశ్న వచ్చింది. కన్ఫ్యూషియస్ బోధల ప్రకారం నడిచే దేశం అది. పితరులను కొలవడం, పెద్దలకు వంగడం, ఎవరి అంతస్తులో వాళ్ళుండడం అక్కడ రాజ్యాంగం. ప్రతి ప్రశ్నకూ శాస్త్రంలో జవాబు ఉంటుంది. దీనికీ ఉంది. రాజు పసివాడైతే రాజమాత తెర వెనక కూర్చుని రాజ్యపాలన చేయాలి. అదే శాస్త్రంలో కాస్త కిందుగా ఇంకో వాక్యం కూడా ఉంది. అంతఃపుర స్త్రీ కంఠస్వరం కొలువులో వినపడరాదు.

మర్యాదల శాఖ మంత్రి హో ముగ్యం ఈ రెండు వాక్యాలనూ ఎదురుగా పెట్టుకుని తిండి మానేసి ఆలోచించాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఏ క్రతువులో ఎవరు ఎటు తిరిగి ఎంత లోతుగా వంగాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగల వృద్ధుడు. శాస్త్రంలో తప్పుండదనీ, ఉన్నట్టు కనిపిస్తే అది చదివేవాడి కంటిదోషమనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకమే ఆయనకు దారి చూపింది.

"తెర వెనుకనుండి వెడలు వాక్కు రాజమాతది కాదు, తెరది," అని ఆయన కొలువులో ప్రకటించాడు. "వెదురు తెర స్త్రీ కాదు. కావున దాని స్వరము ఇచ్చట వినబడుటకు శాస్త్రవిరోధము లేదు."

సభ హాయిగా ఊపిరి పీల్చుకుంది. లేఖకులు కుంచెలు తడుపుకుని సిద్ధంగా కూర్చున్నారు.

ఆ తెర వెనక కూర్చోవలసిన సోయాంగ్ రాణికి అప్పటికి ముప్ఫై నాలుగేళ్ళు. సరిహద్దు జిల్లాలో న్యాయాధికారిగా పనిచేసిన తండ్రి ఆమెకు అన్నదమ్ములతో పాటే చదువు చెప్పించాడు. పొలాల సర్వేకి వెళ్ళినా, కాలవ తగాదా తీర్చడానికి వెళ్ళినా గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని తీసుకువెళ్ళేవాడు. పదహారో ఏట పల్లకీ ఎక్కి కోటలోకి వచ్చింది. అంతే, మళ్ళీ గడప దాటలేదు. భర్తకు డేగలంటే ప్రాణం. సాయంకాలాలు ఏ డేగ ఏ పిట్టను ఎలా పట్టిందో చెబుతుంటే ఆమె ఊకొట్టేది. ఊకొట్టడానికి పెద్దగా బుర్ర అక్కరలేదు కాబట్టి ఆ ఏళ్ళన్నీ ఆమె బుర్ర కొత్తదానిలా అలాగే ఉండిపోయింది.

మొదటి కొలువులో మొదటి అర్జీ సోల్ నది గురించి. నగరానికి ఎగువన నది వంపు తిరిగే చోట కరకట్ట కుంగుతోందనీ, వానలు మొదలైతే దిగువపేట మునుగుతుందనీ అక్కడి ఊళ్ళవాళ్ళు మొర పెట్టుకున్నారు.

"కూలీలను పంపారా?" అని తెర అడిగింది.

సింహాసనానికి ఎడమవైపు కూర్చునే మహామంత్రి కీ తాక్సు లేచి నిలబడ్డాడు. దొడ్డ మనిషి, తీరైన గడ్డం, మాట్లాడేముందు దాన్ని రెండుసార్లు దువ్వుకుంటాడు. "కూలీలందరును మన నగరద్వారమున నిర్మాణమగుచున్న రాజభక్తి తోరణపు పనియందు నిమగ్నులై యున్నారు. భక్తికి మించిన కట్ట ఏది? ప్రజల హృదయములు దృఢముగా నున్నచో నది తనంత తానే ఒదిగి ప్రవహించును."

"నదికి ఆ సంగతి ఎవరైనా చెప్పారా?"

సభలో ఎవరో దగ్గినట్టు నవ్వారు. లేఖకుడు శ్రద్ధగా రాసుకున్నాడు: నదికి ఆ సంగతి ఎవరైనా చెప్పిరా యని తెర ప్రశ్నించెను.

"కూలీలలో సగంమందిని రేపే కట్ట మీదికి పంపండి," అంది సోయాంగ్.

ఆ తోరణం మీద కీ తాక్సు పేరు పెద్ద అక్షరాలతో చెక్కించే ఏర్పాటు జరుగుతోంది. ఆయన గడ్డం మీది చేయి అక్కడే ఆగిపోయింది. తెరకు వంగి నమస్కరించి కూర్చున్నాడు.

ఆ పూట అంతఃపురానికి తిరిగి వచ్చాక, ఆమె పుట్టింటి నుంచి వెంట వచ్చిన దాసి ఓక్‌దాన్ కాళ్ళు పడుతూ అడిగింది. "ఏమ్మా, బయట జనం తెర మాట్లాడిందనుకుంటన్నారు. నిజంగానే మాట్లాడిందా?"

"నేనే మాట్లాడాను."

"మరి వాళ్ళకి తెలవదా?"

"అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండడానికే అంత చదువు చదివారు."

"ఏమోనమ్మా. మా చెల్లెలు కాపురం దిగువపేటలోనే. కట్ట నిలబడితే చాలు, తెర మాట్లాడితే ఏం, తలుపు మాట్లాడితే ఏం."

పది రోజులు కట్ట పని బాగానే సాగింది. అప్పుడు మందలింపుల శాఖ మేలుకొంది.

పాలకుడు తప్పు చేస్తే ధైర్యంగా మందలించడం ఆ శాఖ పని. అందులో అందరూ పడుచువాళ్ళు, అందరూ సన్నగా ఉంటారు. మందలించడానికి ఏదీ దొరకని నెల వాళ్ళకు అరగదు. వాళ్ళు తెల్ల బట్టలు కట్టుకుని కోటవాకిట్లో చాపలు పరుచుకుని కూర్చున్నారు. మొదటి శ్రేణి మంత్రులు ఏ శ్రేణీ లేని వెదురుపుల్లలకు సాగిలపడడం అంతస్తుల ధర్మాన్ని మంటగలపడమేనని వాళ్ళ ఆక్షేపణ. వాళ్ళను ఉసిగొల్పినది కీ తాక్సు అని అందరికీ తెలుసు.

హో ముగ్యం ఆ ఆక్షేపణలో న్యాయం ఉందన్నాడు. తెరకు మొదటి శ్రేణి ఇచ్చేస్తే సరిపోతుందన్నాడు. కానీ దోన్హాలో మొదటి శ్రేణి కావాలంటే రాజ్యపరీక్షలో ఉత్తీర్ణత ఉండాలి. అందులో మినహాయింపు లేదు. రాజుగారి బావమరిది కూడా తప్పి ఇంటికి పోయిన పరీక్ష అది.

"అయితే తెర పరీక్ష రాయవలెను," అన్నాడు హో.

కీ తాక్సు మురిసిపోయాడు. ప్రశ్న తానే ఇస్తానన్నాడు.

పరీక్షశాలలో ఒక గదికి తెర కట్టారు. తెర ఎప్పుడూ ఒంటరిగా ఉండరాదు, రాజమాత ఎప్పుడూ తెరను వదిలి ఉండరాదు. కాబట్టి సోయాంగ్ వెనక కూర్చుంది. ఆమెకు కాగితం, కుంచె, సిరా ఎందుకు ఇచ్చారంటే తెరకు చేతులు లేవు. ప్రశ్నపత్రం విప్పి చూసింది. "పెట్ట కూయరాదు అను పెద్దల వాక్యమును సమర్థించుచు, స్త్రీలు రాజకార్యములందు జోక్యము కలిగించుకొనరాదని సోదాహరణముగా నిరూపింపుము."

సోయాంగ్ కొంచెంసేపు కుంచె చివర కొరుకుతూ కూర్చుంది. తండ్రి ఇలాంటి విషయాలిచ్చి అన్నదమ్ముల చేత వ్యాసాలు రాయించిన రోజుల్లో, ఆమె వాళ్ళందరివీ దిద్దిపెట్టేది. చేతికి పాత పని దొరికినట్టయింది. సంతోషంగా రాయడం మొదలుపెట్టింది.

పెట్ట కూయరాదు, ముమ్మాటికీ కూయరాదు అని మొదలుపెట్టింది. కూయడం పుంజు ధర్మం. తెల్లవారినా పుంజు పడుకునే ఉంటే అప్పుడైనా పెట్ట కూయకూడదు. వెళ్ళి గంప ఎత్తాలి. వెలుగు కంట్లో పడి పుంజు లేచి కూస్తుంది. తన కూతకే తెల్లవారిందని అనుకుంటుంది. అనుకోనివ్వాలి. ఇల్లు సుఖంగా ఉంటుంది. ఇలా నడిచి పూర్వం ఏయే రాజ్యాలు బాగుపడ్డాయో, గంప ఎత్తేవాళ్ళు లేక ఏయే రాజ్యాలు మధ్యాహ్నం దాకా నిద్రపోయాయో ఉదాహరణలు ఇచ్చింది. దస్తూరి ముత్యాల్లా ఉంది.

పేర్లు కప్పి దిద్దారు. పరీక్షకులు ఆ వ్యాసాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చదివారు. స్త్రీల జోక్యాన్ని ఇంత గట్టిగా ఖండించిన రచన ఈ తరంలో రాలేదని ఏకగ్రీవంగా తీర్మానించి ప్రథమ స్థానం ఇచ్చారు. కప్పిన కాగితం తొలగిస్తే కింద "తెర" అని ఉంది.

కీ తాక్సు మందలింపుల శాఖ చేత ఇంకో ప్రశ్న వేయించాడు. తెర ఆడదా, మగదా? హో ముగ్యం ఈసారి ఆలోచించనేలేదు. స్త్రీలు పరీక్ష ప్యాసు కాలేరు, తెర ప్యాసయ్యాడు, కాబట్టి తెర పురుషుడు. ఆ నాటి నుంచి లేఖకులు "తెర చెప్పింది" అని రాయడం మానేసి "తెర చెప్పాడు" అని రాయసాగారు. ఎదురుగా మాట్లాడేటప్పుడు "తెరగారూ" అనడం మర్యాద అయింది. తెరగారికి మొదటి శ్రేణి టోపీ ఇచ్చారు. పెట్టడానికి తల లేనందున మేకుకు తగిలించారు. నలుగురు మోసే పల్లకీ మంజూరైంది. అంతఃపురం నుంచి కొలువుకు తెరను అందులో మోసుకొచ్చేవారు. వెనక సోయాంగ్ నడిచి వచ్చేది.

"ఇదేం చోద్యమమ్మా," అంది ఓక్‌దాన్. "ఆయన పల్లకీలో, మీరు నడకనా?"

"ఆయన పరీక్ష ప్యాసయ్యాడే," అంది సోయాంగ్. కిందటి వారం నుంచి ఆమెకు ఏ మాటకైనా నవ్వు ఆగడం లేదు. రాత్రుళ్ళు ఒక్కతే తలుచుకుని దిండులో మొహం దాచుకుని నవ్వేది. మొగుడు పోయిన ఆడది ఇంత నవ్వవచ్చునా అని ఓక్‌దాన్ సందేహించి, దిండు కాస్త మందమైనది తెచ్చిపెట్టింది.

పరీక్షలో ప్రథముడు, మొదటి శ్రేణి, ఇంకా పెళ్ళికానివాడు. ఊళ్ళో పెద్ద కుటుంబాలు ఊరుకుంటాయా? మూడు ఇళ్ళ నుంచి పెళ్ళిళ్ళ పేరమ్మలు మర్యాదల శాఖకు వచ్చి కూర్చున్నారు. వరుడు మాట్లాడితే ముక్కుసూటి మనిషే కానీ ఇంటిపట్టున ఉంటాడు, తాగడు, తిరగడు అని వాళ్ళు విన్నారు. హో ముగ్యం శాస్త్రప్రకారం వరుడి వంశం విచారించాలని ఇద్దరు వంశచరిత్రకారులను నియమించాడు. తెర అల్లిన వెదురు ఏ పొదలోదో వాళ్ళు ఆరా తీశారు. అది సోల్ నది వంపులో, కరకట్ట పొడుగునా ఉన్న వెదురు వనంలోది. వంశం పాతదే, ఆ ఒడ్డున తరతరాలుగా ఉంటున్నదే.

ఈ సంగతి కీ తాక్సు చెవిన పడింది. ఆయన తన మనిషిని ఆ వనానికి పంపాడు. ఆ మనిషి తిరిగి వచ్చి చెప్పినది విని కీ తాక్సు గడ్డం దువ్వుకోవడం కూడా మరిచిపోయాడట.

మర్నాడు కొలువులో ఆయన తెల్లని ముతక నారబట్టలు కట్టుకుని వచ్చి నేల మీద పడి భోరుమన్నాడు.

"తెరగారికి ఘోరమైన వార్త తెచ్చితిని. ఆయన జన్మించిన వెదురు వనము ఈ వసంతమున పూచినది. వెదురు పూచినచో సమూలముగ మరణించునని జగమెరిగిన సత్యమే గదా. తెరగారి తల్లిదండ్రులు, తాతముత్తాతలు, పినతండ్రులు, సమస్త బంధువర్గమును గతించిరి."

తెర వెనక సోయాంగ్‌కు మొదట నవ్వే వచ్చింది. అంతలో తరవాత ఏం రాబోతున్నదో తట్టి, నవ్వు గొంతులోనే ఇంకిపోయింది.

తల్లిదండ్రులు పోయిన ఉద్యోగి ఆ క్షణమే పదవి వదిలి, సమాధి పక్కన పాక వేసుకుని మూడేళ్ళు శోకం పాటించాలి. దోన్హాలో దీనికి ఎదురు చెప్పినవాడు లేడు. యుద్ధం మధ్యలో సేనాధిపతులు కూడా కత్తి పక్కన పెట్టి ఏడవడానికి వెళ్ళిపోయిన చరిత్ర ఉంది.

"తెరగారు మూడేళ్ళు సెలవుపై వెడలవలెను," అన్నాడు కీ తాక్సు కళ్ళు తుడుచుకుంటూ. "తెర లేని చోట రాజమాత మాట్లాడుట పొసగదు. రాజ్యభారమును ఈ దీనుడే మోయక తప్పునట్లు లేదు. తోరణపు పనికి కూలీలు చాలకున్నారు, వారిని నేడే వెనుకకు పిలిపించుచున్నాను."

వానలు ఇవాళో రేపో అన్నట్టున్నాయి. అప్పటికే ఉత్తరాన మబ్బు పట్టింది. కట్ట పని సగం కూడా కాలేదు. సోయాంగ్ ఒళ్ళో చేతులు బిగించి కూర్చుంది. తెర లేకపోతే ఆమె మాట మాట కాదు, గాలి. ఈ పక్క నుంచి అరిచి గోలపెట్టినా లేఖకుడు ఒక్క అక్షరం రాయడు. దిగువపేట ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు. ఓక్‌దాన్ చెల్లెలు ఎన్నిసార్లో పంపిన ముల్లంగి పచ్చడి రుచి మాత్రం తెలుసు. ఆ జాడీలన్నీ నీళ్ళలో తేలుతున్నట్టు కళ్ళకు కట్టింది.

తెర ఇంకా సెలవు మీద వెళ్ళలేదు. ఇంకో రెండు మూడు ప్రశ్నలకు వ్యవధి ఉంది.

"హో మంత్రిగారూ," అంది మెల్లగా. "రాజమాత ఎక్కడ ఉండాలని శాస్త్రం?"

"తెర వెనుక."

"ఎప్పుడెప్పుడు?"

"రాజు పెద్దవాడగు పర్యంతము, సర్వకాలములందును."

"తెరగారు ఇప్పుడు ఎక్కడికి వెళుతున్నారు?"

"సోల్ నదీతీరమున తల్లిదండ్రుల సమాధి చెంతకు..." అని హో ముగ్యం మాట మధ్యలో ఆగాడు. ఆయన కనుబొమలు మెల్లగా పైకి లేచాయి. శాస్త్రంలో తప్పు కనిపించినప్పుడు కాదు, ఒప్పు కనిపించినప్పుడు ఆయన మొహం అలా వెలుగుతుంది.

"అయితే నాకూ ప్రయాణపు ఏర్పాట్లు చేయించండి," అంది సోయాంగ్.

తెరగారికి నారబట్ట చుట్టారు. ముందు ఆయన పల్లకీ, వెనక ఆమె పల్లకీ. వీధుల్లో జనం ఇరువైపులా నిలబడి, పాపం చిన్న వయసులోనే తల్లీ తండ్రీ పోయారట అని తెరను చూసి కళ్ళు ఒత్తుకున్నారు. సోయాంగ్ పల్లకీ అడ్డాన్ని రెండు వేళ్ళతో తొలగించి చూస్తూనే ఉంది. వేయించిన శనగల వాసన, మురుగు వాసన, ఎక్కడో ఎవరో పిల్లను తిడుతున్న గొంతు. పద్దెనిమిదేళ్ళ తరవాత ఊరు ఆమె మీదికి ఒక్కసారిగా వచ్చి పడింది. ఏడుస్తోందేమోనని ఓక్‌దాన్ తొంగి చూసింది. కాదు, శనగలు కొనుక్కురమ్మంది.

నది వంపు దగ్గర వనమంతా ఎండుగడ్డి రంగులో చచ్చి నిలబడి ఉంది. వెదురు వేళ్ళు కుళ్ళితే మట్టిని పట్టుకునేది ఉండదు. కట్ట కుంగుతున్నది అందుకేనని కాలవగట్ల మీద పెరిగిన పిల్లకు చూడగానే అర్థమైంది. పని ఆపి వదిలేసిన గంపలు, పారలు అక్కడే పడి ఉన్నాయి. కూలీలు ఒక్కరూ లేరు. నీళ్ళు ఇప్పటికే ఎర్రబడుతున్నాయి.

ఆచారప్రకారం వెంట వచ్చిన హో ముగ్యం పాకలో తెరను కట్టించాడు. ఆమె దాని వెనక చాప మీద కూర్చుంది.

"శోకంలో ఉన్న తెరగారు రాజాజ్ఞలు ఇవ్వరాదు కదూ?"

"ఇవ్వరాదు."

"తల్లిదండ్రుల సమాధిని నీళ్ళు ముంచుతుంటే చూస్తూ కూర్చోవచ్చునా?"

హో ముగ్యం చెవులు మూసుకున్నాడు. "శాంతము పాపము. అంతకు మించిన మహాపాతకము వేరొండు లేదు. బిడ్డ ప్రాణములొడ్డియైనను సమాధిపై మట్టి పోసి ఎత్తు చేయవలెను."

"తెరగారికి చేతులు లేవే."

"చేతులు లేనివానికి సహోద్యోగులు తోడ్పడవలెను. సేవకులచేత కాదు, స్వహస్తములతో. పెద్ద శ్రేణివారు ముందు, చిన్న శ్రేణివారు వెనుక. రాని వానిని మందలింపుల శాఖ..." మళ్ళీ ఆయన కనుబొమలు లేచాయి. ఈసారి ఆయన ఆగలేదు. లేచి, పట్టుచొక్కా చేతులు మడిచి, బయటికి వెళ్ళి ఒక గంప తెచ్చుకున్నాడు. ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. మొదటి గంపెడు మట్టి కట్ట మీద పోసి మూడుసార్లు వంగి లేచాడు.

కబురు వెళ్ళింది. మర్నాటికి కొలువు కొలువంతా నది ఒడ్డున ఉంది. పితృభక్తి లేనివాడన్న పేరు తెచ్చుకోవడానికి ఒక్క మంత్రి కూడా సిద్ధంగా లేడు. మందలింపుల శాఖవాళ్ళు అందరికంటే ముందే వచ్చి ఎవరు రాలేదో చూసుకుంటున్నారు. శ్రేణుల వారీగా వరస కట్టి, నల్లటోపీలు పెట్టుకుని, గంపలు మోశారు. కీ తాక్సు చిట్టచివర వచ్చాడు. వరసలో మాత్రం ఆయనది మొదటి చోటు, తప్పదు. నాలుగో గంపకు ఆయన గడ్డం చీపురులా అయిపోయింది.

"సమాధి యనిన గుండ్రముగ నుండవలెను," అన్నాడాయన రొప్పుతూ. "ఇది ఇంత పొడవున నదివెంట పోవుచున్నదేల?"

"చనిపోయినవారు ఎంతమంది?" అని తెర వెనక నుంచి గొంతు అడిగింది. "తల్లిదండ్రులు, తాతముత్తాతలు, పినతండ్రులు, సమస్త బంధువర్గం అని తమరే సెలవిచ్చారు. అందరూ ఒడ్డు పొడుగునా నిలబడే పోయారు. ఎవరిని వదిలేద్దాం?"

కీ తాక్సు ఇంకో గంప ఎత్తుకున్నాడు.

మహామంత్రులు మట్టి మోస్తున్నారన్న వార్త తోరణం దగ్గరి కూలీలకు తెలిసింది. పని వదిలేసి చూడ్డానికి పరిగెత్తుకొచ్చారు. కాసేపు గట్టు మీద కూర్చుని నవ్వారు. ఆర్థికమంత్రి పారను తిరగేసి పట్టుకుని తవ్వుతుంటే ఒక ముసలి కూలీకి ఇక చూడబుద్ధి కాలేదు.

"ఇటియ్యండయ్యా, పార ఏడుస్తంది," అని లాక్కున్నాడు. వాడి వెనక మిగిలినవాళ్ళూ దిగారు. సహోద్యోగులు కానివారు ముట్టుకోవచ్చునా అని ఎవరో అడిగారు. దుఃఖంలో ఉన్నవాడికి ఇరుగుపొరుగు సాయం నిషేధం కాదని హో ముగ్యం అప్పటికప్పుడు తేల్చాడు.

మూడో నాడు మధ్యాహ్నం వాన అందుకుంది. నది ఉబ్బి, చూస్తుండగానే కట్ట అంచుదాకా వచ్చింది. వంపు దగ్గర ఒకచోట మట్టి జారి సన్నగా నీళ్ళు చిమ్మడం మొదలైంది. అందరూ అటు పరిగెత్తుతుండగా పెద్ద గాలి వచ్చింది. పాక కప్పు లేచిపోయింది. తెరగారు నారబట్టతో సహా గాలిలోకి లేచి, ఒక పల్టీ కొట్టి, నది మధ్యలో పడి కొట్టుకుపోయాడు.

పాక ఉన్న చోట రాజమాత నిలబడి ఉంది. తడిసి ముద్దయిన తెల్లచీర, వదులైన జుట్టు, చేతిలో సగం తిన్న శనగల పొట్లం.

కొలువంతా ఒక్కసారిగా బురదలో సాష్టాంగపడి కళ్ళు గట్టిగా మూసుకుంది. రాజమాత ముఖం చూసిన పరపురుషుడికి శిక్ష ఏమిటో వాళ్ళందరికీ తెలుసు. నది మాత్రం కళ్ళు మూసుకోలేదు. నీళ్ళు చిమ్మే చోటు పిడికెడంత ఉన్నదల్లా చాటంత అయింది.

సోయాంగ్‌కు భయం వేసింది. భయం శిక్ష గురించి కాదు. తెర లేదు. ఇప్పుడు మాట్లాడితే అది తన గొంతే, ఇంకెవరిదీ కాదు. ఊకొట్టడానికి అలవాటు పడ్డ గొంతు బయటికి వస్తుందో రాదో అనుకుంది. వచ్చింది.

"కళ్ళు తెరవండి. గండి పడుతోంది. వెదుళ్ళు నరికి అడ్డంగా వేయండి, వాటి మీద గడ్డిమోపులు, ఆ పైన మట్టి. హో మంత్రిగారూ, లేవండి."

హో ముగ్యం మొహం బురదలోంచి ఎత్తాడు. కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఏ వాక్యం కోసం వెతుకుతున్నాడో, జీవితకాలమంతా చదివిన శాస్త్రాలు ఆ వానలో ఆయనకు ఎంతవరకు అందాయో తెలియదు. చివరికి వెతకడం మానేసినట్టున్నాడు. కళ్ళు తెరిచి ఆమెను చూశాడు. చూసి, "చిత్తం అమ్మా," అన్నాడు. అంత చిన్న వాక్యం ఆయన నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు.

పెద్దాయన కళ్ళు తెరిచాక మిగిలినవాళ్ళు మూసుకుని ఏం లాభం? లేచారు. చచ్చిన వెదుళ్ళు నరికారు. సోయాంగ్ చీర కుచ్చిళ్ళు దోపుకుని గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ ఎక్కడ ఏది వేయాలో చూపించింది. కీ తాక్సు జారి గండిలో పడితే, ఆయన నిలబడ్డ చోట నీళ్ళు కాస్త తగ్గడం గమనించి, ఓ రెండు గడియలు అక్కడే ఉండమని కోరారు. ఉన్నాడు. చీకటి పడే వేళకు వాన తెరిపిచ్చింది. కట్ట నిలబడింది. దిగువపేటలో ఆ సాయంత్రం ఏ ఇంటి పొయ్యీ ఆరలేదు.

ఇక జరిగినదాన్ని శాస్త్రంలోకి ఎక్కించాలి. హో ముగ్యం ఒళ్ళు నొప్పులతో రెండు రోజులు పడుకుని లేచి నివేదిక సమర్పించాడు. తెరగారు తల్లిదండ్రుల సమాధిని కాపాడుటకై వరదలో ఆత్మార్పణము గావించి పితృభక్తులలో అగ్రగణ్యుడైనాడు. ఆయనకు మరణానంతర బిరుదు ఇవ్వవలెను. ఆయన తల్లిదండ్రుల మరణాన్ని మొట్టమొదట గుర్తించి అందరికంటే ఎక్కువ కన్నీరు కార్చిన కీ తాక్సుగారినే ఆ సమాధికి సంరక్షకుడిగా నియమించవలెను. మూడేళ్ళు పాకలోనే నివాసం. ప్రతి ఉదయం సమాధి పొడుగునా నడిచి ఎక్కడైనా కుంగిందేమో చూసి కబురు పంపాలి. ఆ మాటలు విని కీ తాక్సు మళ్ళీ ఏడ్చాడు. ఈసారి నారబట్టల అవసరం లేకుండానే.

మిగిలింది కొత్త తెర సంగతి. కొత్త తెర కట్టాలంటే అది పరీక్ష ప్యాసు కావాలి. పరీక్ష మూడేళ్ళకు గానీ రాదు. హో ముగ్యం రెండు వాక్యాలనూ మళ్ళీ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. పాలకురాలికీ మంత్రులకూ మధ్య తెర ఉండాలని ఉంది. ఎంత దూరంలో ఉండాలో లేదు. ఎవరికి కట్టాలో అసలే లేదు.

తరవాతి కొలువుకు మంత్రులందరూ టోపీ అంచు నుంచి గడ్డం దాకా వేలాడే చిన్న చిన్న వెదురు తెరలు కట్టుకుని వచ్చారు. ధరించినవారు పరీక్ష ప్యాసైనవారే కనక ఆ తెరలకు విడిగా పరీక్ష అక్కరలేదనీ, వాటిలోంచి చెవిన పడే మాట ఎప్పటిలా తెరదేననీ తేలింది. మొదటి శ్రేణివారికి సన్నపుల్లలు, రెండో శ్రేణివారికి కాస్త లావుపుల్లలు. ఆర్థికమంత్రి గుమ్మం కనపడక స్తంభానికి నమస్కారం చేసి దాని ముందే కూర్చున్నాడు. ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

సోయాంగ్ సింహాసనం పక్కన ఆసనం మీద కూర్చుని ఉంది. ఒళ్ళో రాజుగారు నిద్రపోతున్నారు. పెద్ద కిటికీలోంచి ఎండ వచ్చి నేల మీద పడుతోంది. వరసగా వేలాడుతున్న తెరలను ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

"హో మంత్రిగారూ, ఎలా ఉంది వెనక?"

చిన్న తెర కాస్త ఊగింది. "చీకటిగా ఉన్నదమ్మా," అన్నాడాయన నిజాయితీగా. "ఉక్కగా కూడా ఉన్నది. ఏమియు కనబడుట లేదు. కానీ ఒక సుగుణము గలదు. చూడవలసినది ఏదియు లేనందున, మాట చక్కగా వినబడుచున్నది."

"అయితే వినండి," అని సోయాంగ్ మొదటి అర్జీ విప్పింది.